రెండూ ఎనిమిది... ఫిబ్రవరి కాదు!

లాడ్‌బజార్‌లో ఏ గాజుల కొట్టు ముందైనా నిలబడి 'రెండూ ఎనిమిది' అంటే చాలు. కొట్టతను మారుమాట లేకుండా సరైన సైజు తీసి ముందు పెడతాడు. ఒక్కోసారి ఆ మాట కూడా అక్కర్లేదు. చెయ్యి వంక ఒక చూపు చూసి 'దో ఛే' అనేస్తాడు. అంటే రెండూ ఆరు. చార్మినార్ నీడలో తరాలుగా సాగుతున్న వ్యాపారం మరి! ఇక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

ఇప్పుడు ఇదే బేరం కంప్యూటర్ చేయాల్సి వచ్చిందనుకోండి. అమెరికాలో ఉన్న ఓ అమ్మాయి తన ఫోన్‌లోని ఏఐకి 'రెండూ ఎనిమిది సైజు ఎర్ర లక్క గాజులు పన్నెండు తెప్పించు' అని పురమాయించింది. ఇలా ఒక్క మాట చెబితే మిగతా మెట్లన్నీ తనే ఎక్కి పని పూర్తిచేసే సాఫ్ట్‌వేర్‌నే 'ఏఐ ఏజెంట్' అంటున్నారు. అయితే దానికి చేతుల్లేవు. కొట్టువాళ్ల సాఫ్ట్‌వేర్ అందించే 'టూల్స్' సాయంతోనే ఏదైనా చేయాలి. సరుకు ఉందో లేదో చూసే టూల్ ఒకటి, ఆర్డరు పెట్టే టూల్ మరొకటి. ప్రతి టూల్‌కీ ఒక పేరు, నాలుగు ముక్కల వివరణ, నింపాల్సిన ఖాళీలు ఉంటాయి. ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబర్‌లో విడుదల చేసిన 'మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్' పద్ధతిలోనూ టూల్‌ని ఇలాగే పరిచయం చేస్తారు. ఏజెంట్‌కి కనిపించేది ఆ రాత ఒక్కటే. కొట్టు కనపడదు, చెయ్యి అసలే కనపడదు.

ఆ రాతలో 'సైజు' అని ఒక్క మాట రాసి ఊరుకుంటే?

2-8ని ఫిబ్రవరి 8 అనుకోవచ్చు, ఆగస్టు 2 అనుకోవచ్చు. 2.8 అంగుళాలనీ అనుకోవచ్చు. గాజుల లెక్క వీటిలో ఏదీ కాదు. అది అంగుళాన్ని పదహారు భాగాలు చేసిన లెక్క. 2-8 అంటే రెండు అంగుళాల పైన పదహారింట ఎనిమిది వంతులు. లోపలి అడ్డుకొలత రెండున్నర అంగుళాలు, అంటే 63.5 మిల్లీమీటర్లు. 2-4 అయితే రెండుంబావు. అదే 2.8 అంగుళాల గాజు చేయిస్తే 71 మిల్లీమీటర్లు దాటుతుంది. తొడిగిన చేతి నుంచి జారి కింద పడుతుంది! ఇంకో తమాషా... 2-10 గాజు 2-8 కన్నా పెద్దది. గీత బదులు చుక్క పెట్టి 2.10 అని రాశారో, కంప్యూటర్ లెక్కలో అది 2.8 కన్నా చిన్నదైపోతుంది.

ఈ తిప్పలు గాజులకే పరిమితం కాదు. 'మార్చ్1' అనే జన్యువు పేరుని ఎక్సెల్ మార్చి 1వ తేదీగా మార్చేస్తోందని శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి తలపట్టుకున్నారు. చివరికి అలాంటి జన్యువులకు పేర్లే మార్చుకున్నారు. 2020లో ఆ సంగతి పెద్ద వార్త అయింది.

పన్నెండు సంగతి కూడా తేలాలి. పన్నెండు గాజులా, పన్నెండు జతలా, పన్నెండు సెట్లా? కొట్లో కొత్తగా చేరిన కుర్రాడైతే సేఠ్‌ని అడుగుతాడు. ఏజెంట్ మాత్రం రాసి లేని చోట ఊహించేసే ప్రమాదం ఉంది. పైగా ఎంతో ధీమాగా!

కాబట్టి వివరణ ఇలా ఉండాలి: 'ఈ టూల్ కొత్త ఆర్డరు పెడుతుంది. సరుకు ఉందో లేదో తెలుసుకోవడానికి దీన్ని వాడకూడదు, దానికి వేరే టూల్ ఉంది. సైజు 2-2, 2-4, 2-6, 2-8, 2-10లలో ఒకటి. గీత తర్వాతి అంకె అంగుళంలో పదహారో వంతులు. సంఖ్య అంటే విడి గాజులు, జతలు కావు. ఆర్డరు పెట్టాక రద్దు కుదరదు. ముందు ధర చెప్పి, కొనేవారి ఒప్పుకోలు తీసుకోవాలి.' ఇంతే! ఇందులో గొప్ప సాంకేతిక పరిభాష ఏమీ లేదు. ఆ చివరి రెండు వాక్యాలు లేకపోతే మాత్రం డబ్బు పోయాకే తప్పు బయటపడుతుంది.

తప్పు జరిగినప్పుడు వచ్చే జవాబు కూడా వివరణలో భాగమే. 'లోపం 400' అని మొహాన కొడితే ఏజెంట్ అదే తప్పు మళ్లీ చేస్తుంది. '2.8 అనే సైజు లేదు, 2-8 అని రాయాలి' అంటే మరుక్షణం దిద్దుకుంటుంది. అలాగని పురాణం రాసినా కష్టమే. పదుల కొద్దీ టూల్స్ వివరణలన్నీ ఒకేసారి చదవాల్సి వస్తే ముఖ్యమైన వాక్యం ఆ గుంపులో మరుగున పడుతుంది.

మరి దీన్ని రాయాల్సింది ఎవరు? హైటెక్ సిటీలో కూర్చున్న ప్రోగ్రామర్‌కి పదహారో వంతుల లెక్క తెలియకపోవచ్చు. అది తెలిసిన వ్యాపారికి ప్రోగ్రామింగ్ రాదు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోక తప్పదు. రాశాక పరీక్ష పెట్టి చూడాలి. 'రెండుంబావు' అంటే 2-4 వస్తోందా, 'దో ఛే' అంటే 2-6 వస్తోందా? ఆ తర్వాత 'అమ్మ చేతికి సరిపడేవి పంపు' అని అడగాలి. దానికి సరైన జవాబు ఆర్డరు కాదు, 'అమ్మగారి సైజు ఎంత?' అనే ప్రశ్న. ఆ ప్రశ్న అడగమని కూడా వివరణలో రాసి ఉండాలి.