ముందే రాసిపెట్టిన ఎన్‌కౌంటర్లు

మా ఆట శనివారం రాత్రులు. ఐదుగురం, ఒక డైనింగ్ టేబుల్, చేత్తో గీసిన గుహ పటం, ఓ గిన్నెడు పల్లీలు, ఎవరి డైస్ వాళ్ళవి. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆటల్లో నలుగురు తలా ఒక పాత్ర అవుతారు. ఐదోవాడు మిగతా ప్రపంచమంతా అవుతాడు: ఊళ్ళు, గుహలు, రాజులు, రాక్షసులు, వాన. వాణ్ణి డీఎమ్ అంటారు. మా బల్ల దగ్గర ఆ ఐదోవాణ్ణి నేను. "ఇప్పుడు మీరేం చేస్తారు?" అని అడగడం నా పని. వాళ్ళు అనుకున్నది అయిందా లేదా అన్నది డైస్ తేలుస్తుంది.

కొన్నాళ్ళ కిందట ఒక శనివారం నా నోట్‌బుక్‌లోంచి ఇలా చదివాను: "మీరు గుహలోకి అడుగుపెట్టగానే పదిమంది గాబ్లిన్లు కత్తులు దూసి మీ మీదకి దూకారు."

పూజారి పాత్ర ఆడుతున్న స్నేహితురాలు చెయ్యెత్తింది. "ఆగు. వాళ్ళతో మాట్లాడొచ్చా?"

"వినే స్థితిలో లేరు."

"వెనక్కి ఉరుకుతాం."

"బండ పడి దారి మూసుకుపోయింది."

"పోనీ, సగం మంది చచ్చినంక మిగిలినోళ్ళు లొంగిపోరా?"

"లొంగరు. చచ్చేదాకా కొట్లాడతారు."

తను డైస్ బల్ల మీద పెట్టేసింది. "అయితే ఇది మీ పుస్తకాల ఎన్‌కౌంటర్ కాదురా. పేపర్ల వచ్చే ఎన్‌కౌంటర్."

అందరం నవ్వాం. ఆట కూడా సాగింది, పదిమందీ చచ్చారు. అందరూ వెళ్ళిపోయాక కప్పులు కడుగుతుంటే మాత్రం ఆ మాట వదల్లేదు.

ఇంగ్లీషులో ఆ మాటకి ఎదురుపడటం అని అర్థం. ఆట పుస్తకాల్లోనూ అదే: దారిలో ఎవరో తారసపడ్డారు, తర్వాత ఏమవుతుందో చూద్దాం. అదే మాట తెలుగులో ఎవరిముందైనా అనండి. తర్వాత ఏమవుతుంది అని ఎవరూ అడగరు. అయిపోయింది అనే అర్థం. శ్రీకాకుళం రోజుల నుంచీ మన పత్రికలు మనకి నేర్పిన వ్యాకరణం ఇది: వాళ్ళే ముందు దాడి చేశారు, లొంగిపొమ్మంటే వినలేదు, ఆత్మరక్షణ కోసం ఎదురుకాల్పులు జరపాల్సి వచ్చింది. మూడు వాక్యాలు. నేను గుహలో చదివినవీ చెప్పినవీ సరిగ్గా ఆ మూడే. నా స్నేహితురాలు జోకు వెయ్యలేదు, చదివి చెప్పింది.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ పొద్దున వాట్సాప్ గ్రూపులో చప్పట్ల బొమ్మ పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్, వాళ్ళని చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని 2022లో నివేదిక ఇచ్చింది. అది చదివి సిగ్గుపడ్డాను. ఆ తర్వాత కూడా ప్రతి శనివారం అదే వ్యాకరణంలో గుహలు రాశాను. గాబ్లిన్లు లేరు, నిజమే. అక్కడ చచ్చినవాళ్ళు మనుషులు, నిజమే. ఈ రెంటినీ సమానం చెయ్యటం లేదు. నా చెయ్యి దేనికి అలవాటు పడిందో చెప్తున్నాను.

కాబట్టి ఈ ఆటలు నడిపే తోటివాళ్ళకి నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. మాట్లాడటానికీ, పారిపోవటానికీ, లొంగటానికీ ఎవరికీ దారిలేని ఎన్‌కౌంటర్లు రాయటం మానేద్దాం. నీతి సంగతి తర్వాత చూద్దాం, ముందు అందులో ఆటే లేదు. "మీరేం చేస్తారు?" అని అడిగేసరికే జవాబు నోట్‌బుక్‌లో ఉంటే, ఆ ప్రశ్న అబద్ధం.

"అమెరికా వాళ్ళ ఆట, అందులో ఉన్నదే కొట్లాట" అని ఒక మిత్రుడు తేల్చేశాడు. చరిత్ర అంత సూటిగా లేదు. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన ఈ ఆట పుట్టింది బొమ్మ సైనికుల యుద్ధ క్రీడల్లోంచే. కానీ 1981 నాటి బేసిక్ పుస్తకం తియ్యండి. ఎదురుపడ్డవాళ్ళు ఏం చేస్తారో ముందే తెలియకపోతే డీఎమ్ రెండు డైస్ వెయ్యాలి. మొత్తం 2 వస్తే వెంటనే దాడి. 3 నుంచి 5 అయితే కోపంగా ఉన్నారు, దాడి చెయ్యొచ్చు. 6 నుంచి 8 అయితే ఎటూ తేల్చుకోలేదు. 9 నుంచి 11 అయితే వెళ్ళిపోతారు, లేదా బేరం వింటారు. 12 అయితే స్నేహం. లెక్క చూడండి. చూడగానే మీద పడటం 36లో ఒక్కసారి. ఏం చెయ్యాలో తోచక నిలబడటం 36లో 16 సార్లు. కొత్తవాణ్ణి చీకట్లో చూసిన ఏ ప్రాణి అయినా చేసేది అదే కదా.

అదే పుస్తకంలో ధైర్యం లెక్క కూడా ఉంది. ఒక పక్షంలో మొదటివాడు చావగానే ఒకసారి, సగం మంది పడిపోగానే ఇంకోసారి డైస్ వేస్తారు. ధైర్యం చాలకపోతే పారిపోతారు, లేదా లొంగిపోతారు. అనుభవం పాయింట్లు ఎక్కువగా వచ్చేది బంగారం వల్ల: ఒక బంగారు నాణేనికి ఒక పాయింటు. ఒక గాబ్లిన్‌ని ఓడిస్తే దక్కేది 5. తెలివైనవాడు గాబ్లిన్ జోలికి పోకుండా వాడి మూట పట్టుకుపోతాడు. దొంగతనం నేర్పిందని తిట్టుకోండి, నేనేం అడ్డురాను. చంపటాన్ని మాత్రం లాభసాటి వ్యాపారం చెయ్యలేదు.

తర్వాత ఏమైంది? 2000లో వచ్చిన మూడో ఎడిషన్ ప్రతి ప్రాణికీ ఒక సవాలు స్థాయి అంకె ఇచ్చింది, నలుగురు సాహసికుల్ని లెక్కలో పెట్టుకుని. 2014 ఎడిషన్‌లో ఎన్‌కౌంటర్ కట్టడం అంటే ఎక్కువ భాగం లెక్కలే: తేలిక, మధ్యస్థం, కష్టం, ప్రాణాంతకం. రోజుకి ఆరు నుంచి ఎనిమిది దాకా తట్టుకోగలరని ఒక అంచనా. గాబ్లిన్ వెల 50 పాయింట్లు. ఆ పుస్తకం మాటామంతీని పూర్తిగా మరిచిందని అనను. ఎదుటివాడి వైఖరిని బట్టి బేరమాడే పద్ధతి ఉంది, ధైర్యం పరీక్ష కూడా కావాలంటే వాడుకునే నియమంగా ఉంది. కానీ లెక్కలు ముందు కూర్చున్నాయి, ఇవి చివర నిలబడ్డాయి. నాలాంటివాడు శుక్రవారం రాత్రి ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి దేన్ని తెరుస్తాడు? లెక్కనే. ఎంతమందిని పెడితే నా వాళ్ళు చావకుండా అలసిపోతారు, అంతే. అలా లెక్కించినప్పుడు ఎదుటివాడు చచ్చితీరాలి. వాడు బతికితే లెక్క తప్పుతుంది.

2024 పుస్తకాల్లో జాతి అనే మాట తీసేసి జీవజాతి అన్నారు. అంతకుముందు 2020లోనే, ఆర్కులనీ చీకటి ఎల్ఫులనీ పుట్టుకతో దుర్మార్గులుగా చూపించింది తప్పేనని ప్రచురణకర్తలు ఒప్పుకున్నారు. మంచిదే. మాట మారింది. మరి పటం? ఒకే వాకిలి, ఒకే దారి, చివర్లో పదిమంది. అలాంటి గుహలో ఎవరికి ఏ పేరు పెడితే ఏం?

అసలు మెలిక ఇక్కడే ఉంది. ఎన్‌కౌంటర్ బూటకమా కాదా అన్నది సంభాషణలో తేలదు, చోటులోనే తేలిపోతుంది. గైగాక్స్ రాసిన "ద కీప్ ఆన్ ద బోర్డర్‌ల్యాండ్స్" అనే పాత మాడ్యూల్ ఉంది, ఎన్నో వేలమందికి ఇదే తొలి ఆట. అందులో ఒక లోయ, చుట్టూ గుహలు, గుహకో తెగ: కోబోల్డులు, ఆర్కులు, గాబ్లిన్లు, నోల్‌లు. గాబ్లిన్లకి ఆపదొస్తే పక్క గుహలోని ఓగర్‌కి బంగారం మూట విసిరి సాయం పిలుస్తారు. తెగల మధ్య పొత్తులున్నాయి, పగలున్నాయి. గుహల్లో ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారు, కొన్నిచోట్ల వాళ్ళు పోరాడరని కూడా రాసి ఉంది. ఆ పిల్లల్ని ఏం చెయ్యాలన్న తగవు ఈ ఆట ఆడేవాళ్ళలో ఇప్పటికీ తెగలేదు. ఆ మాడ్యూల్ తప్పులు నాకు తెలుసు. రాక్షసుల మాట అటుంచి, కోటలోని మనుషులకి కూడా పేర్లుండవు, హోదాలే. అయినా అది చోటు. మనం వెళ్ళకపోయినా అక్కడ ఎవరో అన్నం వండుకుంటున్నారు.

జెన్నెల్ జాక్వేస్ 1979లో చేసిన "కావెర్న్స్ ఆఫ్ థ్రేసియా" ఇంకో మెట్టు పైన. లోపలికి వెళ్ళటానికి ఒకటి కంటే ఎక్కువ దారులు. అంతస్తుల మధ్య ఎన్నో మెట్లూ సొరంగాలూ. దారులు చుట్టూ తిరిగి మళ్ళీ కలుస్తాయి. లోపల ఒకళ్ళంటే ఒకళ్ళకి పడని గుంపులు. ఎదురుగా వస్తున్నవాణ్ణి తప్పించుకుని వెనకనుంచి రావొచ్చు. వాడి శత్రువుతో కలవొచ్చు. తోచకపోతే ఇంటికి పోవచ్చు. మీకు రెండో తలుపు ఉంది, వాడికీ ఉంది. అందుకే అక్కడ కొట్లాట జరిగితే అది ఎవరో ఎంచుకున్న కొట్లాట.

దీనికి పరాయి గుహలే అక్కర్లేదు. హైదరాబాద్ వాళ్ళందరం స్కూలు రోజుల్లో గోల్కొండ వెళ్ళి చప్పట్లు కొట్టినవాళ్ళమే. కింద ద్వారం దగ్గర కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది. మీరు గడప దాటకముందే పైవాడికి మీరొచ్చారని తెలుసు. వాడు దాక్కోవచ్చు, దూతని పంపొచ్చు, నూనె కాచుకోవచ్చు. ఎదురుపడటం మనిషిని చూడకముందే మొదలైంది, వాడికి ఆలోచించే సమయం దొరికింది. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడి వేసి, చివరికి లోపలికి వచ్చింది గోడ కూల్చి కాదు. లంచం పుచ్చుకున్న లోపలివాడు తలుపు తీశాడు. మొఘల్ ఫిరంగులే బేరానికి దిగితే, నా మూడో లెవెల్ సాహసికులకి "వినే స్థితిలో లేరు" అని నేనెవణ్ణి చెప్పటానికి?

వారమంతా పనిచేసి వచ్చాం, కాసేపు కత్తి తిప్పనీ అంటారు కొందరు. తిప్పండి. కొట్లాట నాకూ ఇష్టమే. ఎదుటివాడు పారిపోగలిగినా నిలబడ్డాడంటే, ఆ కత్తికి బరువు ఉంటుంది. లెక్క లేకపోతే పాత్రలు చచ్చిపోతాయి అంటారు. పారిపోయే దారి ఉంటే అంత సులువుగా చావరు. దారి మూసిన వాళ్ళకే లెక్క కావాలి. ఇంత రాసుకున్నాక వాళ్ళు మాట్లాడుకుని వెళ్ళిపోతే నా కష్టం వృథా కదా అంటారు. ఇది నా గొంతే, నాకు బాగా తెలుసు. ఆ కష్టం ఎవరికోసం చేశాం? చూపించుకోవటానికైతే నవల రాసుకుందాం. నలుగురిని పిలిచి కూర్చోబెట్టుకుని, వాళ్ళ చేతికి డైస్ ఇచ్చి, నవల చదివి వినిపించటం మర్యాద కాదు.

నేనిప్పుడు గుహ గీసేముందు నాలుగు ప్రశ్నలు రాసుకుంటున్నాను. ఇక్కడివాళ్ళు నీళ్ళు ఎక్కడ తెచ్చుకుంటారు? మేం రాకపోతే ఈ రాత్రి ఏం చేసేవాళ్ళు? దేనికి భయపడతారు? రెండో తలుపు ఎటు? "చచ్చేదాకా పోరాడతారు" అన్న వాక్యం రాయాల్సి వస్తే, ఎందుకో పక్కన రాయాలి. ఎక్కువసార్లు కారణం దొరకదు, వాక్యం కొట్టేస్తాను.

తర్వాతి శనివారం అలాంటి గుహ పెట్టాను. మావాళ్ళు మాట్లాడలేదు, కొట్లాడారు. అది వాళ్ళిష్టం. ఇద్దరు గాబ్లిన్లు చచ్చారు, ముగ్గురు పాతకాలపు ధైర్యం లెక్కలో ఓడి వెనక తలుపులోంచి పారిపోయారు, ఒకడు కత్తి కింద పడేశాడు. ఆ రాత్రి మిగిలిన ఆటంతా వాడి గురించే. వదిలేస్తే మిగతావాళ్ళని తీసుకొస్తాడని ఒకరు. కట్టేసి పోదామని ఒకరు, కట్టేస్తే ఆకలికి చస్తాడని ఇంకొకరు. చంపేద్దాం అన్నవాడు కూడా ఉన్నాడు, కానీ ఆ మాట అందరి మొహాలూ చూస్తూ అనాల్సి వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు మా పూజారి అడిగింది, "వీని పేరేంది?"

నా నోట్‌బుక్ చూశాను. అన్నీ ఉన్నాయి, నీళ్ళ ఊట, రెండో తలుపు, భయం. పేరు లేదు. ఒక్క నిమిషం అని ఆట ఆపాను.