రైతును అడిగాకే టవర్
అనంతపురం మెట్టల్లో గాలిమరలు తిరగడం నాకు సంతోషమే; బొగ్గు కన్నా గాలి మేలు. కానీ 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ పరిధిలో పవన విద్యుత్తు లేదు, కాబట్టి ఊళ్లో బహిరంగ విచారణ జరపాల్సిన పనే లేదు. ఆ కరెంటును మోసుకెళ్లే హైటెన్షన్ లైన్ల సంగతి ఇంకా అన్యాయం. విద్యుత్ చట్టం 164వ సెక్షన్ కింద 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు లైను వేసే సంస్థకు దక్కితే చాలు, పొలం యజమాని సమ్మతి అక్కర్లేదు. 2023లో కొత్త టెలికాం చట్టం వచ్చినా, ఈ లైన్ల కోసమే పాత టెలిగ్రాఫ్ చట్టంలో ఆ అధికారాలున్న భాగాన్ని బతికించి ఉంచారు! టవర్ అడుగు స్థలానికి భూమి విలువలో 200 శాతం పరిహారమని 2024 జూన్‌లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది, మంచిదే. అయితే వేరుశనగ చేను మధ్య నుంచి లైను పోవాలా, గట్టు పక్క నుంచి పోవాలా అన్నది డబ్బుతో తేలేది కాదు. రూటు మ్యాపును ముందు గ్రామసభలో పెట్టాలి, అభ్యంతరాలకు రాతపూర్వకంగా జవాబిచ్చాకే అనుమతివ్వాలి.