మోడు చావదు, మనిషికే ముప్పు!

ప్రశ్న: మాది చాపాడు. మా ఇంటి వెనక ప్రహరీని ఆనుకుని కంపచెట్లు లేచాయి. నాలుగేళ్ళలో నాలుగుసార్లు కొట్టించాం. కొట్టిన ప్రతిసారీ ఒక్కో మోడుకు పది పిలకలు వస్తున్నాయి. మా మరిది పొలంలో మిగిలిన గడ్డి మందు తెచ్చాడు. ఈసారి కొట్టగానే మోడుమీద పోస్తే మళ్ళీ మొలవదంటున్నాడు. డబ్బా కారుతోందని మందును కూల్ డ్రింకు సీసాలోకి వంచి స్నానాల గది గూట్లో పెట్టాడు. ఇంట్లో ఆరేళ్ళ పాప, తొమ్మిదేళ్ళ బాబు ఉన్నారు. బోరు ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఆ మందు పోయవచ్చా? నీళ్ళకు గాని, పిల్లలకు గాని ప్రమాదమా?
– ఒక సోదరి, చాపాడు

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకు జవాబు చెప్పేముందు మీరొక పని చేయాలి. ఈ పత్రిక పక్కన పెట్టి, ముందు ఆ సీసా సంగతి చూడండి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని మూత గట్టిగా బిగించండి. సీసాను నిలువుగా ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పైన "విషం" అని పెద్ద అక్షరాలతో రాయండి. తాళం పడే చోట, వంటింటికీ పశువుల దాణాకూ దూరంగా ఉంచండి. పాత డబ్బా, దానిమీది చీటీ దొరికితే అవీ అందులోనే ఉంచండి. తూములో పారబోయకండి, కాలువలో కలపకండి. దాన్ని ఏం చేయాలో మండల వ్యవసాయాధికారిని అడిగి ఆయన చెప్పినట్లు చేయండి. అది అయ్యాక తక్కినది చదవండి.

ఇంత కంగారు దేనికంటారా? గడ్డి మందు అని మన రైతులు ఎక్కువగా పిలిచేది పారాక్వాట్ అనే విషాన్ని. ముదురు రంగులో ఉంటుంది. కూల్ డ్రింకు సీసాలో పోస్తే పిల్లలకే కాదు, ఎండన పడి వచ్చిన పెద్దలకు కూడా తేడా తెలియదు. మన దేశంలో అమ్మే రకంలో 24 శాతం విషం ఉంటుంది. రెండు మూడు టీ చెంచాలు, అంటే ఒక్క గుక్క, పెద్దవాళ్ళ ప్రాణం తీయటానికి చాలు. పిల్లలకు అంత కూడా అవసరం లేదు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, దీనికి విరుగుడు లేదు.

మీరు రాసిన ఉత్తరంలో ఇంకో సంగతి ఉంది. ఇంత ప్రమాదం ఇంట్లో పెట్టుకున్నా మీ మోడు చావదు! అదెలాగో చెబుతాను.

కొట్టినకొద్దీ ఎందుకు మొలుస్తుంది?

ఈ కంపచెట్టును కొందరు సర్కారు తుమ్మ అంటారు. ఇది మన నేల చెట్టు కాదు. 1870ల దశకంలో ఆంగ్లేయుల కాలంలో వంటచెరకు కోసమని విత్తనాలు తెప్పించి నాటించారు. అలా మొదట నాటిన చోట్లలో మన కడప ప్రాంతం ఒకటి. దాని సొంత ఊరు అమెరికా ఖండపు వేడి ప్రాంతాలు. మేకలు, పశువులు కాయలు తిని పేడలో గింజలు వదులుతూ పోయాయి. ఇప్పుడది కుందూ ఒడ్డునా, కె.సి. కాలువ గట్టునా, ఖాళీ స్థలాలలోనూ కనబడని చోటు లేదు.

దీని బలమంతా నేలలోపలే ఉంది. కాండం, వేరు కలిసేచోట నిద్రపోతున్న మొగ్గలు ఉంటాయి. పైన గొడ్డలి పడగానే అవి మేలుకుంటాయి. వేళ్ళలో దాచిన ఆహారం వాటికి అందుతుంది. అందుకే ఒక్క చెట్టు పోయి పది పిలకలు వస్తాయి. కాబట్టి మోడు చావాలంటే ఆ మొగ్గలున్న భాగాన్ని తవ్వి తీయాలి, లేదా మందు వేరుదాకా దిగాలి.

పారాక్వాట్ ఆ పని చేయలేదు. అది తగిలిన పచ్చదనాన్ని కాల్చే మందు. ఆకుమీద పడితే ఆకు మాడుతుంది. మోడుమీద పోస్తే పైపైన కాల్చి ఊరుకుంటుంది, వేరులోకి దిగదు. మట్టిలో పడితే మట్టికే అంటుకుని నిర్వీర్యమవుతుంది. కొన్ని వారాలకు మళ్ళీ పిలకలు వస్తాయి. "మందు చాల్లేదు" అని మరిది ఇంకో సీసా తెస్తాడు. చూశారా, పనికిరాని పనికి ప్రాణాంతకమైన వస్తువు ఇంట్లోకి ఎలా వస్తుందో!

ఒంట్లోకి వెళితే ఏమవుతుంది?

పారాక్వాట్ లోపలికి పోగానే నోరు, గొంతు మండుతాయి, వాంతులవుతాయి. ఒకటి రెండు రోజులలో నాలుక, పెదవులు పుండ్లు పడతాయి. ఆ తరువాత కొందరిలో మోసకరమైన దశ వస్తుంది. రోగి లేచి కూర్చుంటాడు, మాట్లాడతాడు. "బాగానే ఉన్నాడు కదా" అని బంధువులు ఇంటికి తీసుకుపోతామంటారు. లోపల మాత్రం మూత్రపిండాలు, కాలేయం దెబ్బతింటూ ఉంటాయి. ఊపిరితిత్తులు ఈ విషాన్ని రక్తంలోనుంచి ప్రత్యేకంగా లాక్కుంటాయి. అవి కొద్ది రోజులలో, కొన్ని వారాలలో గట్టిపడి, గాలి పీల్చుకోలేని స్థితి వస్తుంది. మనిషి తెలివిలో ఉండగానే ఊపిరందక పోతాడు. అందుకే, రోగి బాగున్నట్లు కనిపించినా వైద్యులు పంపేదాకా ఆసుపత్రి వదలకండి.

తాగితేనే ప్రమాదమనుకోకండి. మామూలు చర్మంగుండా ఇది కొద్దిగానే ఎక్కుతుంది. కాని చర్మం గీరుకుపోయి ఉన్నా, మందుతో తడిసిన బట్ట గంటల తరబడి ఒంటికి అంటి ఉన్నా ఎక్కువగా ఎక్కుతుంది. అలా చనిపోయినవారూ ఉన్నారు. కంప కొట్టినవాడి చేతులు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ముల్లు గీరని వేలు ఉండదు. ఆ చేతులతోనే అప్పటికప్పుడు మోడుమీద మందు పోయటం ఎంత తప్పో ఆలోచించండి.

ప్రమాదం జరిగితే

వెంటనే 108కి ఫోను చేయండి. బండి ఆలస్యమైతే దొరికిన వాహనంలో పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి. మీకు ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రి దగ్గర. మందు డబ్బా గాని, చీటీ గాని వెంట తీసుకుపోండి. ఏ మందో తెలియకపోతే వైద్యుడికి విలువైన సమయం పోతుంది. విషాన్ని పీల్చుకునే బొగ్గుపొడి వంటివి ఆసుపత్రిలో ఇస్తారు. అవి మొదటి గంటా రెండు గంటలలో ఇస్తేనే ఎక్కువ ఉపయోగం.

ఉప్పునీళ్ళు తాగించి, గొంతులో వేలుపెట్టి వాంతి చేయించకండి. లోపలికి పోయేటప్పుడు కాల్చిన మందు బయటికి వచ్చేటప్పుడు మళ్ళీ కాలుస్తుంది, ఊపిరితిత్తులలోకి కూడా పోవచ్చు. ఒంటిమీద పడితే బట్టలు విప్పేసి సబ్బుతో, ధారగా పోసిన నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగండి. కంట్లో పడితే అంతసేపూ మంచినీళ్ళతో కడిగి వైద్యుడికి చూపండి.

ఆసుపత్రిలో ఇంకొక సంగతి గుర్తుంచుకోండి. ఈ విషానికి ప్రాణవాయువు తోడైతే ఊపిరితిత్తులకు చేటు ఎక్కువవుతుంది. అందుకని మరీ అవసరమైతే తప్ప వైద్యులు ఆక్సిజన్ పెట్టరు. "ఆక్సిజన్ ఎందుకు పెట్టరు?" అని వారితో తగవు పడకండి.

ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రానికి 1800 116 117 నంబరుకు ఖర్చు లేకుండా ఫోను చేసి సలహా అడగవచ్చు. రాత్రి, పగలు పలుకుతారు. కాని ఫోను చేస్తూ ఇంట్లో కూర్చోకండి, దారిలో చేయండి.

ఇక్కడ దాచకుండా చెప్పవలసిన మాట ఒకటుంది. గడ్డి మందు వల్ల పోతున్నవారిలో పొరపాటున తాగినవారికన్నా కోపంలో, అప్పుల బాధలో, ఒక్క క్షణపు దుఃఖంలో తాగినవారే ఎక్కువ. ఆ క్షణంలో చేతికి అందినదే వారి గతిని నిర్ణయిస్తుంది. శ్రీలంక 2008లో మొదలుపెట్టి దశలవారీగా పారాక్వాట్‌ను మాన్పించింది. దక్షిణ కొరియా 2012లో అమ్మకం ఆపింది. రెండు చోట్లా విషం తాగి చనిపోయేవారి సంఖ్య తగ్గింది. బాధలు తగ్గి కాదు, ప్రాణం తీసే సీసా అందుబాటులో లేక. మీ ఇంటికీ అదే సూత్రం వర్తిస్తుంది. ఇంట్లో ఎవరైనా దిగులుగా ఉంటే 14416 నంబరులో టెలి మానస్ వారితో తెలుగులోనే మాట్లాడించవచ్చు.

మరి మోడును చంపేదెలా?

ఇంటి వెనకున్న నాలుగైదు మోళ్ళకు అసలు మందే అక్కరలేదు. మంచి వాన పడి నేల మెత్తబడిన మరునాడు మనిషిని పెట్టండి. మోడు చుట్టూ గడ్డపారతో జానెడు లోతుకు తగ్గకుండా తవ్వించి, మొగ్గలున్న మెడ భాగం కింద వేరును నరికించి, మోడును పూర్తిగా పైకి తీయించండి. అడుగున మిగిలిన వేరు సామాన్యంగా మొలవదు. గింజ మొలకలను లేతగా ఉన్నప్పుడే వేరుతో సహా పీకేయండి. గోడ పునాది అడ్డమై తవ్వటం వీలుకాని చోట, పిలక వేలెడు పెరగగానే విరిచేస్తూ ఉండండి. విసుగు చెందకుండా చేస్తూ పోతే వేరులో దాచిన ఆహారం అయిపోతుంది. ఒక ఏడాదో రెండేళ్ళో పట్టినా ఖర్చు లేదు, ప్రమాదం లేదు.

తవ్వే మనిషి బూట్లు, మందపాటి తోలు తొడుగులు వేసుకోవాలి. కంటికి అద్దాలు ఉండాలి. ఈ ముల్లు గుచ్చుకుంటే పిన్నీసుతో కెలకకండి. సబ్బుతో కడిగి, గత 5 ఏళ్ళలో ధనుర్వాతం టీకా పడకపోతే వేయించుకోండి. కీలు దగ్గర ముల్లు విరిగి, వారాలు గడిచినా వాపు తగ్గకపోతే లోపల ముక్క ఉందన్నమాట. శస్త్రవైద్యుడికి చూపించండి.

ఉప్పు పోయమనేవారు, కక్కసుదొడ్డి ఆసిడ్ పోయమనేవారు, కిరసనాయిలు పోసి అంటించమనేవారు ఉంటారు. ఉప్పు ఆ నేలలో మరే మొక్కా బతకనీయదు. ఆసిడ్ చిందితే కన్ను పోతుంది. మంట గురించి నేను వేరే చెప్పనక్కరలేదు.

మోళ్ళు పదులకొద్దీ ఉండి మందు తప్పదనుకుంటే, వేరులోకి దిగే గుణమున్న గ్లైఫొసేట్ వంటిది వాడతారు. దాన్ని మోడంతా పోయరు. కొట్టిన కొద్ది నిమిషాలలోనే, తెగిన ముఖం ఇంకా పచ్చిగా ఉండగా, బెరడుకు లోపలివైపున్న చుట్టుకు మాత్రం కుంచెతో పూస్తారు. చెట్టు ఆహారాన్ని వేరుకు పంపే దారి అదే. గంటలు గడిచి ముఖం ఆరిపోయాక పూస్తే మందు దండగ. ఇలా తగుమాత్రం పూస్తే అది మట్టికి పట్టుకునే గుణం కలది కనుక ఇరవై అడుగుల దూరంలోని బోరుకు భయం తక్కువ. కాని కుంచెను కాలువలోనూ, బోరు పళ్ళెం దగ్గరా కడగకూడదు.

అయితే ఇదీ నిరపాయమైనది కాదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని "బహుశా కాన్సర్ కలిగించేది" అన్న జాబితాలో చేర్చింది. అమెరికా పర్యావరణ సంస్థ వంటివారు ఆ మాటతో ఏకీభవించలేదు. మన కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో, తెగుళ్ళ నివారణకు శిక్షణ, అనుమతి ఉన్నవారు మాత్రమే దీన్ని వాడాలని ఉత్తర్వు చేసింది. కాబట్టి మీరో మీ మరిదో సొంతంగా చేయవలసిన పని కాదిది. వ్యవసాయాధికారిని అడిగి, తెలిసినవారితోనే చేయించండి. గర్భిణులను, పిల్లలను ఆ రోజు దూరంగా ఉంచండి. చేసినవారు చేతులు కడిగేదాకా బీడీ ముట్టకూడదు, నీళ్ళు తాగకూడదు. వారి బట్టలు ఇంటి బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి. మందు పడిన కంపను పొయ్యిలో పెట్టకండి, మేకలను మేయనీయకండి.

ఇక మీ మరిదికి కోపం రాకుండా ఈ మాట చెప్పండి: "నాయనా, నీ మందుకు ఈ మోడు చావదట. రేపు వాన పడితే గడ్డపార తెచ్చిపెట్టు, చాలు." పొలంలో వాడుకునే మందు సంగతి అతనికి విడిగా చెప్పవలసింది ఒక్కటే. ఎంత కావాలో అంతే కొనాలి. వచ్చిన డబ్బాలోనే ఉంచాలి. ఏ కారణానా తాగే సీసాలోకి వంచకూడదు. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్ళను పిచికారీలోనే పోసి, డబ్బాకు బొక్కలు పొడిచి ఎవరూ మళ్ళీ వాడకుండా చేయాలి.

ఈ శీర్షిక చదివే తక్కిన పాఠకులు కూడా ఈ పూటే ఒకసారి లేచి చూడండి. స్నానాల గది గూట్లో, మెట్ల కింద, గాదె చాటున, చీటీ లేని సీసా ఏదైనా ఉందేమో!