మరుగుపరచలేని పని

బీభత్సరసానికి స్థాయీభావం జుగుప్స. దానికి కూడా నవరసాలలో చోటిచ్చిన ఆలంకారికుల వారసులం కనుక, ఈ టపాలోని విషయం చూసి మిత్రులు ముక్కు మూసుకోరని ఆశిస్తాను. చెప్పబోయేది మలాన్ని తొలగించే ఒక చిన్న యంత్రాన్ని గురించి.

అమెరికాలో 'ఆర్వీ' అనే వాహనాలున్నాయి. పడక, పొయ్యి, స్నానాలగది, మరుగుదొడ్డి అన్నీ అందులోనే. అక్కడి మన పిల్లలు కొందరు సెలవుల్లో వాటిని అద్దెకు తీసుకొని, ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలను యెల్లోస్టోన్ వంటి చోట్లకు తిప్పుతుంటారు. వాహనం అడుగున మురుగుతొట్లుంటాయి. స్నానం చేసిన నీరు, గిన్నెలు కడిగిన నీరు 'గ్రే ట్యాంకు'లోకి, మరుగుదొడ్డిలోనిది 'బ్లాక్ ట్యాంకు'లోకి చేరుతాయి. నిండిన తరువాత 'డంప్ స్టేషన్'కు పోయి ఖాళీ చెయ్యాలి.

మామూలుగానైతే 3 అంగుళాల గొట్టం తగిలించి కవాటం లాగితే చాలు, అంతా పల్లానికి తానే పోతుంది. పారబోసే చోటు మెరకన ఉన్నా, దూరాన ఉన్నా ఆ పద్ధతి సాగదు. అప్పుడు అక్కరకు వచ్చేది మేసరేటర్ పంపు. 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. దానిలోని కత్తులు గట్టి పదార్థాన్ని, కాగితాన్ని ముక్కలు చేస్తాయి. రెక్కలచక్రం ఆ ద్రవాన్ని అంగుళం గొట్టంలోంచి సైతం పైకెక్కిస్తుంది. నియమాలు కొద్ది. తొట్టిలో నీరు సమృద్ధిగా ఉండాలి. బ్లాక్ ట్యాంకును ముందు, గ్రే ట్యాంకును తరువాత ఖాళీ చెయ్యాలి. వెనుక వచ్చే సబ్బునీరు గొట్టాన్ని కడుగుతుంది. తొట్టి ఖాళీ అయ్యాక పంపు ఒట్టిగా తిరిగితే రెక్కలు పాడవుతాయి. మంచినీటి గొట్టాన్ని ఈ పనికి తాకించరాదు. చేతికి తొడుగులు తప్పనిసరి.

మేసరేటర్ అన్న మాటకు మూలమైన లాటిన్ పదానికి నానబెట్టి మెత్తపరచడమని అర్థం. నానినదాన్ని మెత్తగా చేయడాన్ని మనం రుబ్బడమంటాం. కనుక దీన్ని 'రుబ్బుడు పంపు' అందాం. వంటింటి మాటను ఇక్కడికి తెచ్చానని గృహిణులు కోపగించకుందురు గాక.

నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఆ పంపును పట్టుకున్న చెయ్యి. డబ్బిస్తే వచ్చి తోడుకుపోయే బళ్ళు అక్కడా కొన్నిచోట్ల ఉన్నాయి. అయినా సాధారణంగా వాహనం నడిపేవారే, ఇంజనీరైనా వైద్యుడైనా, తొడుగులు వేసుకొని ఆ పని ముగించి, చేతులు కడుక్కొని భోజనానికి కూర్చుంటారు. అది చూసి 'మా అబ్బాయి చేత ఈ పనా!' అని చిన్నబుచ్చుకునే తల్లిదండ్రులకే ఈ నాలుగు మాటలు.

మన పదాలు చూడండి: మరుగుదొడ్డి, బహిర్భూమి, కాలకృత్యాలు, చెంబు పట్టుకెళ్ళడం. అన్నీ చాటుమాటలే. ఇంగ్లీషువాడూ 'రెస్ట్‌రూమ్' అని తప్పించుకున్నాడు. మాటను మరుగుపరచడం మర్యాద. కానీ మనం మాటతోపాటు దాన్ని ఎత్తిపోసే మనిషిని కూడా కులం పేరిట మరుగున పెట్టాం. చేత్తో మలం ఎత్తించడాన్ని 1993లో చట్టం నిషేధించింది. 2013 నాటి చట్టం, రక్షణ సాధనాలు లేకుండా మురుగుకాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనిషిని దించడాన్ని కూడా నేరం చేసింది. అలా దిగి మరణించినవారి కుటుంబానికి 10 లక్షల రూపాయలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించింది. 2023లో దాన్ని 30 లక్షలకు పెంచింది. పరిహారం పెంచవలసి వచ్చిందంటే మరణాలు ఆగలేదనే కదా! ఈ పోరాటానికి 2016లో మెగసెసే పురస్కారం అందుకున్న బెజవాడ విల్సన్, కోలారు బంగారు గనుల ప్రాంతంలో పుట్టిన తెలుగువాడు.

ఒక కుటుంబపు తొట్టికీ, నగరపు మురుగుకాలువకూ పోలికేమిటని అడగవచ్చు. పరిమాణంలో పోలిక లేదు. తన మలినానికి తానే బాధ్యుడననే బుద్ధిలో ఉంది. యంత్రాల కొరత అనడానికీ లేదు. ఇరుకుసందుల్లోకి పోగల జెట్టింగ్ యంత్రాలను హైదరాబాదు జలమండలి 2017లోనే తెచ్చింది.

ఇంటి సెప్టిక్ ట్యాంకు నిండినప్పుడు ఎవరిని పిలుస్తున్నామో, వచ్చినవాడు గొట్టం దింపుతున్నాడో తానే దిగుతున్నాడో, గడప దాటి వెళ్ళి చూడడం ఇంటి యజమాని ధర్మం. లోపలి విషవాయువుకు రెండు నిమిషాలు చాలు. దిగబోతే వద్దని ఆపాలి. యంత్రమున్న బండి వచ్చేదాకా వేచి ఉండాలి. ఈ మాట బడిలో పిల్లలకు కూడా చెప్పదగినదని నా అభిప్రాయం. మీరేమంటారు?