డబ్బా మీద 5జీ అని ఉంటే సాలదు

అమెరికాల ఎమ్మెస్‌కు పోయే పిల్లల ఇండ్లల్ల జూన్ నుంచే సామాన్లు కొనుడు షురూ అయితది. కుక్కర్, జర్కిన్లు, మందులు, పచ్చళ్లు. లిస్టు చివరకు ఒక కొత్త ఫోన్ ఉంటది. షాపుల అడిగితే ‘5జీ ఫోన్ అన్నా, దునియాల యాడికైనా తీస్కపో, నడుస్తది’ అంటరు. మోసం చేద్దామని కాదు, అమ్మేటోనికి కూడా అంతకు మించి తెల్వదు. మా చుట్టాల పిలగాడు గిట్లనే 18 వేలు పెట్టి కొన్న ఫోన్ పట్టుకొని టెక్సాస్ పోయిండు. రోడ్డు మీద సిగ్నల్ ఉంటది, రూంలకు అడుగు పెట్టంగనే మాయమైతది. పది రోజులు సిమ్ కంపెనీని తిట్టిండు. ఆఖరికి తేలిందేందంటే సిమ్ మంచిగనే ఉంది, ఫోన్లనే ఆ దేశం బ్యాండ్లు లేవు.

బ్యాండ్ అంటే పెద్ద బ్రహ్మ పదార్థమేం కాదు. టవర్‌కు, ఫోన్‌కు నడుమ మాట మోసుకపోయే రేడియో తరంగాల దారి. ఏ దారి ఎవలకియ్యాల్నో ఏ దేశానికి ఆ దేశమే తేల్చుకుంటది. మన దగ్గర 4జీ 850, 900, 1800, 2100, 2300 మెగాహెర్ట్జ్‌ల మీద నడుస్తది. అమెరికాల 600, 700, 1900 ముఖ్యం. మనకాడ అందరికి తెల్సిన 1800 బ్యాండ్ అక్కడ మొబైల్ కంపెనీల చేతుల్లనే లేదు. 600, 700 లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీలు దూరం పోతయి, గోడలు దాటుతయి. అవి లేని ఫోన్ బయట ఎట్లనో నెట్టుకొస్తది గని ఇంట్లకు, లిఫ్టులకు, ఊరి చివరకు పోతే చేతులెత్తేస్తది. మా పిలగాని రూంల జరిగింది గదే.

5జీ అన్న మాట కూడా అంతే. మన 5జీ ఫోన్లల్ల ఎక్కువగ కనపడే ఎన్78 బ్యాండ్ 3800 మెగాహెర్ట్జ్ కాడ ఆగుతది. అమెరికా వాళ్ల సీ-బ్యాండ్ 3700 కాడ మొదలై 3980 దాక పోతది. అక్కడి కంపెనీలు దాన్ని ఎన్77 పేరుతోని నడుపుతయి. రెండూ 5జీలే, పక్కపక్క నంబర్లే. కానీ ఎన్78 ఒక్కటే ఉన్న ఫోన్‌కు ఎన్77 టవర్ ఉన్నా లేనట్టే.

తర్వాత అప్‌డేట్ ఇస్తే ఈ బ్యాండ్లు వస్తయా అని మస్తుమంది అడుగుతరు. రావు. ఒక్కో బ్యాండ్‌కు ఫోన్ల లోపట ఫిల్టర్లు, యాంప్లిఫయర్లు, యాంటెనా కావాలె. అవన్నీ పైసలతోని పని. అందుకే కంపెనీలు అదే పేరు మీద దేశానికో తీరు ఫోన్ తయారు చేస్తయి. శామ్‌సంగ్ ఎస్23నే చూడుండ్రి, మన దగ్గర అమ్మేదాని మోడల్ నంబర్ చివర బీ ఉంటది, అమెరికా దానికి యూ ఉంటది. పేరు ఒక్కటే, లోపట సరుకు వేరే.

మరి ‘యాడికైనా నడుస్తది’ అనే నమ్మకం మనకెట్ల వచ్చింది? నాకనిపించేది, గల్ఫ్ నుంచి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి దుబాయ్, సౌదీ పోయినోళ్లకు ఫోన్ తిప్పలు పెద్దగ రాలే. 2జీ కాలంల మన దగ్గర 900, 1800 ఉంటే అక్కడ కూడా గవే ఉండె. విమానం దిగి, సిమ్ మార్చి, ఇంటికి ఫోన్ కొట్టిన్రు. ఇప్పటికీ గల్ఫ్ పట్నాలల్ల 1800 మీద 4జీ ఉంది కాబట్టి మన ఫోన్లు చాలామట్టుకు నడుస్తయి. యూఏఈల దూరం మోసే 800 బ్యాండ్ మాత్రం మన చవక ఫోన్లల్ల శానా వాటికి ఉండది. ఇగ జియోఫోన్ సంగతి చెప్పే పని లేదు, అది జియో సిమ్‌కు తప్ప దేనికీ పలకదు.

అసలు ముప్పు నెట్ స్లో అయితదని కాదు. ఇంతకుముందు 4జీ బ్యాండ్ కలవకున్నా, కాల్ కొట్టంగనే ఫోన్ 3జీకో 2జీకో దిగిపోయి మాట కలిపేది. ఆ మెట్లే తీసేస్తున్నరు. ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిల 3జీ బంద్ పెట్టింది, అదే ఏడు మిగిలిన అమెరికా పెద్ద కంపెనీలు కూడా బంద్ పెట్టినయి. సింగపూర్‌ల 2జీ 2017లనే పోయింది. ఇప్పుడు కాల్ పోవాల్నంటే 4జీ మీదనే పోవాలె. దానికి బ్యాండ్ కలవాలె, ఆ ఫోన్‌ను అక్కడి నెట్‌వర్క్ ఒప్పుకోవాలె. ఏటీ అండ్ టీ అయితే ఏకంగ ఒక లిస్టు పెట్టుకుంది. ఆ లిస్టుల లేని ఫోన్‌కు బ్యాండ్లు కలిసినా కాల్స్ గ్యారెంటీ లేదు.

ఆస్ట్రేలియా కథ ఇంకా గట్టిది. అక్కడ టెల్‌స్ట్రా, ఆప్టస్ 2024 అక్టోబర్ 28 నుంచి 3జీ తీసేసినయి. కొన్ని ఫోన్లు మామూలు కాల్స్ 4జీల చేస్తయి గని ఆపద నంబర్ 000 కొడితే మాత్రం 3జీ కోసం దేవులాడుతయి. గసుంటి ఫోన్లకు సర్వీసే ఇయ్యొద్దని సర్కారు ఆర్డర్ తెచ్చింది. బయట దేశాల కొన్న ఫోన్లు చాలా ఇందుల ఇరుక్కున్నయి. ఇంటర్నెట్ నడుస్తున్న కొత్త ఫోన్‌ను ఎందుకు ఆపిన్రని కోపం రావచ్చు. కానీ ఇల్లు అంటుకున్నప్పుడో, గుండె నొప్పి వచ్చినప్పుడో కాల్ పోని ఫోన్ చేతుల ఉన్నా ఒక్కటే, లేకున్నా ఒక్కటే. ఆ విషయంల ఆస్ట్రేలియా చేసింది తప్పనిపియ్యదు. తప్పల్లా కొనే ముంగట ఎవలూ చెప్పకపోవుడు.

అటు నుంచి ఇటు వచ్చే ఫోన్లకూ గోస ఉంది. అమెరికాల కంపెనీ కిస్తీల మీద కొన్న ఫోన్ లాక్ అయి ఉంటది. 2022ల వచ్చిన ఐఫోన్ 14 నుంచి అక్కడ అమ్మే ఐఫోన్లకు సిమ్ పెట్టే జాగనే లేదు, అంతా ఈ-సిమ్మే. కొడుకు ప్రేమతోని పంపిన ఫోన్ పట్టుకొని తల్లి ఊర్ల సెల్ షాపుకు పోతే, ఆయన పిన్ను పట్టుకొని రంధ్రం దేవులాడుతడు.

దీనికి పెద్ద ఖర్చుతో పని లేదు. మన దగ్గర డబ్బా మీద ఎంఆర్పీ, తయారైన నెల, కస్టమర్ కేర్ వివరాలు ఉండాల్నని లీగల్ మెట్రాలజీ రూల్స్ చెప్తయి. బ్యాండ్ల లైన్ ఒకటి దానికింద అచ్చేయమంటే కంపెనీలకు పోయేదేముంది? గల్ఫ్ పోయేటోళ్లకు విదేశాంగ శాఖ ముందస్తు ట్రైనింగ్ ఇస్తున్నది, మన రాష్ట్రంల టామ్‌కామ్ ఉంది. పాస్‌పోర్ట్, కాంట్రాక్ట్ గురించి చెప్పేకాడ ఫోన్ ముచ్చట ఐదు నిమిషాలు చెప్పొచ్చు. లక్షలు తీసుకునే కన్సల్టెన్సీలైతే తప్పకుండ చెప్పాలె.

అప్పటిదాక పని మనదే. సెట్టింగ్స్‌ల ‘అబౌట్ ఫోన్’ తెరిచి మోడల్ నంబర్ పూర్తిగ రాసుకోవాలె. కంపెనీ సైట్‌ల ఆ నంబర్ కింద బ్యాండ్లు ఉంటయి. ఆపిల్ అయితే మోడల్ వారీగ అన్నీ పెట్టింది. పోయే దేశంల తీసుకోబోయే సిమ్ కంపెనీ బ్యాండ్లను, ఫోన్ల లిస్టును పక్కకు పెట్టి చూసుకోవాలె. ముఖ్యంగ తక్కువ ఫ్రీక్వెన్సీవి కలుస్తున్నయా లేదా. కలవకపోతే ఇక్కడ కొనకుండ ఆ పైసలు దాచుకొని, దిగినంక అక్కడనే ఒక మామూలు ఫోన్ తీసుకునుడు మేలు.

మా పిలగాడు చివరకు గదే చేసిండు, అక్కడ ఒక సీనియర్ దగ్గర పాత ఫోన్ కొన్నడు. 18 వేల కొత్త ఫోన్ ఇప్పుడు రూంల వైఫై మీద వాళ్ల అమ్మతోని వీడియో కాల్‌కు పనికొస్తుంది, పొద్దుగాల అలారం కొడుతుంది.