ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం

"మా అమ్మాయి బీకాం చదువుతోందండీ" అంటే, "పోన్లెండి, పెళ్లయ్యేదాకా ఖాళీగా ఉండకుండా..." అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంతకీ ఆ మూడేళ్లూ ఆ పిల్లలు ఏం నేర్చుకుంటారో ఎవరైనా అడుగుతారా? నేనూ ఆ చదువు చదివినదాన్నే కాబట్టి చెబుతున్నాను.

ముందు డెబిట్, క్రెడిట్. పుచ్చుకున్నవాడికి డెబిట్, ఇచ్చినవాడికి క్రెడిట్. ప్రతి లావాదేవీకీ రెండు ముఖాలుంటాయనే ఈ పద్ధతిని లూకా పాచోలీ అనే సన్యాసి 1494లో వెనిస్‌లో అచ్చువేయించిన తన పుస్తకంలో వివరించాడు. ఆ తర్వాత చిట్టా, ఆవర్జా, అంకణా, చివరికి ఆస్తి అప్పుల పట్టీ. కాస్ట్ అకౌంటింగ్, ఆదాయపు పన్ను, ఆడిటింగ్ కూడా ఉంటాయి. జీఎస్టీ 2017లో వచ్చాక అదీ చేరింది.

ఇన్ని లెక్కల్లో ఇల్లు కనిపించేది ఒక్కచోటే. యజమాని కొట్లోంచి ఇంటికి పట్టుకెళ్లిన డబ్బుని 'సొంతవాడకాలు' అని రాసి, పెట్టుబడిలోంచి తీసేస్తారు. పప్పూ ఉప్పూ, పిల్లల ఫీజులూ, అత్తగారి మందులూ అన్నీ ఆ ఒక్క మాటలోనే. (ఆ డబ్బుతో ఇల్లు నడిపిన మనిషికి ఏ పద్దూ లేదు లెండి.)

నాకు ముఖ్యమనిపించేది మాత్రం బిజినెస్ లా. అందులో భాగస్వామ్య చట్టం ఉంటుంది, 1932 నాటిది. వ్యాపారంలో భాగస్తులుగా ఉన్నవాళ్లు, సంస్థ చేసిన అప్పులకు అందరూ కలిసీ బాధ్యులే, ఎవరికి వారు విడిగానూ బాధ్యులే అంటుంది 25వ సెక్షన్. మైనరు పిల్లవాడిని లాభాల్లో చేర్చుకుంటే వాడి బాధ్యత వాడి వాటా వరకే. పెళ్లాం పేరు రాస్తే? ఆవిడ సొంత ఆస్తి దాకా వస్తుంది.

మా బంధువుల్లో ఒకావిడది ఫస్ట్ క్లాసు బీకాం. భర్తా, మరుదులూ నడిపే వ్యాపారంలో ఆవిడనీ భాగస్తురాలిగా రాశారు. పొయ్యి మీద కూర ఉండగా కాగితాలు తెచ్చి, "ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ" అన్నారట. చెయ్యి కొంగుకి తుడుచుకుని పెట్టేసింది. నాలుగేళ్లకు వ్యాపారం దెబ్బతింది. బ్యాంకు నోటీసు ఆవిడ పేరునా వచ్చింది. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన స్థలం అమ్మి కట్టారు. "ఆ షాపు మెట్లెక్కి ఎరగను, ఒక్క రూపాయి ముట్టి ఎరగను" అంటుంది పాపం. ఆ పాఠంలో ఆవిడకు డెబ్బై పైచిలుకు మార్కులు!

చదువు లేక కాదు. మొగుడు తెచ్చిన కాగితం చదివితే ఆయన్ని అనుమానించినట్టవుతుందని. నాకర్థం కానిదల్లా ఒకటే. బ్యాంకువాళ్లు ఆయన దగ్గర ఇన్ని కాగితాలు అడిగారే, అది అనుమానం అని ఆయన అలిగాడా? లేదే! మరి మనం చదివితే ఎందుకు చిన్నబుచ్చుకోవాలి? పిల్లలకి మాదిరి లెక్కలతో పాటు అసలు సిసలు భాగస్వామ్య పత్రం ఒకటి, బ్యాంకు హామీపత్రం ఒకటి చేతికిచ్చి చదివించాలి కాలేజీల్లో. హామీ సంతకం పెట్టినవాళ్ల బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానమని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. అది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా మిగిలిపోతోంది.

ఇప్పటికే పెట్టేసినవాళ్ల మాటేమిటంటారా? తప్పుకోవచ్చు. మిగతా భాగస్తుల ఒప్పుదలతో విరమించుకుని, రిజిస్టరైన సంస్థ అయితే రిజిస్ట్రారుకి నోటీసివ్వాలి, గెజెట్‌లో వేయించాలి, ఆ జిల్లాలో నడిచే తెలుగు పేపర్లో ప్రకటన ఇవ్వాలి. అప్పటిదాకా చేసిన అప్పులు మాత్రం, అప్పిచ్చినవాళ్లు ఒప్పుకుంటే తప్ప మెడకి ఉండనే ఉంటాయి.