మాంబా మీద నింద

బ్లాక్ మాంబా మనిషిని తరిమి తరిమి కాటేయదు. గుర్రాన్ని దాటి పరుగెడుతుందని, పగబట్టి ఇంటిదాకా వస్తుందని ఈమధ్య ఏ పాముల వీడియో తెరిచినా ఒకటే మోత. ఊళ్లో తాచుకు అంటగట్టిన పగనే ఆఫ్రికా పాముకూ తగిలించారు, అంతకుమించి అందులో సరుకు లేదు. ఎంత ప్రాణభయంతో పారిపోయినా దాని వేగం గంటకు 20 కిలోమీటర్లు దాటదు, అదీ కాసేపే. గుర్రం దాకా ఎందుకు, సైకిల్ మీది కుర్రాడు చాలు.

ఆ పేరు కూడా మోసమే. ఒళ్లు బూడిద రంగు, లేదా గోధుమ రంగు. నలుపంతా నోట్లోనే. అది కనబడాలంటే పామును మూలకు నెట్టాలి. అప్పుడు ఒంట్లో మూడో వంతు పైకి లేపి, మెడ కాస్త వెడల్పు చేసి, సిరా పూసినట్టున్న నోరు తెరిచి బుసకొడుతుంది. పొమ్మని చెప్పడమే అది. వినకపోతే కాటు మీద కాటు. పాము తన చెదపుట్ట బొరియకేసి దూకినప్పుడు దారిలో మనిషి నిలబడి ఉంటే చాలు, తరిమిన కథ ఒకటి పుడుతుంది.

విషం సంగతి మాత్రం అబద్ధం కాదు. రెప్పలు వాలతాయి, మాట ముద్దవుతుంది, చివరికి ఊపిరి ఆడించే కండరాలు చచ్చుబడతాయి. మందు పడకపోతే బతకడం దాదాపు అసాధ్యం. కట్లపాము కాటు చూసినవాళ్లకు ఈ వరస కొత్త కాదు.

అయినా ఆఫ్రికాలో ఎక్కువమందిని బలిగొనేది మాంబా కాదు. పశ్చిమాన మన చిన్నపింజరకు దగ్గరి చుట్టం ఒకటుంది, గడ్డిమైదానాల్లో పఫ్ యాడర్ ఉంది. పఫ్ యాడర్ తరమడం మాట అటుంచి, కదలనే కదలదు. బాట పక్క ఎండుగడ్డిలో ఎండుగడ్డిలాగే పడుంటుంది, కాలు మీద పడేదాకా. కదలని పామును వీడియో ఎవరు తీస్తారు?

మందుసీసా గోల ఈ వీడియోలవాళ్లకు అసలే పట్టదు. మాంబాతో కలిపి 10 జాతుల విషానికి పనిచేసే ఫావ్-ఆఫ్రిక్ అనే మందు తయారీని సనోఫీ కంపెనీ 2014లో మానేసింది, గిట్టుబాటు కాలేదట. అంతకు కొన్నేళ్ల ముందే ఘానాలో ఒకచోట దాని బదులు భారతదేశంలో తయారైన మందు వాడితే, నూటికి 2 లోపున్న పాముకాటు మరణాలు 12కు ఎగబాకాయి. ఇక్కడి పింజర విషంతో చేసిన మందు అక్కడి పింజరకు పట్టదు. పోలిక ఒకటే, విషం వేరు.

ఏ నేల పాముకు ఆ నేల విషంతోనే మందు చేయాలి, అది పల్లెదాకా చేరాలి. మాంబా దాటిపోతుందంటున్న ఆ గుర్రం రక్తం నుంచే దాని మందూ తయారవుతుంది. ఒక్క కాటుకు 10 సీసాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడతాయి. చాలా పల్లె ఆసుపత్రుల్లో ఒక్కటీ ఉండదు.